మామ సాకిన కొర్రమీను పిల్లలు

పడుగులో పేకపోగును అటూ ఇటూ మోసి నాకు అన్నం పెట్టే నాడె మీద చెయ్యేసి చెప్తాండా, ఇందులో ప్రతి మాటా నిజం. మా ధర్మవరంలో మగ్గం నేసేవాడు ఎన్ని అబద్ధాలైనా ఆడతాడు గానీ నాడె మీద ఒట్టేసి మాత్రం ఆడడు. ఆడితే మగ్గం మీదుండే పడుగు నడిమధ్యన తెగుతుందని మా భయం. నేను మామూలుగా నాలుగు మాటలకు ఇంకో రెండు కలిపి చెప్తానని మా వీధిలో నాకు పేరుండేది వాస్తవమే. నేను చెప్పిన వానలన్నీ కురిసుంటే అనంతపురం జిల్లా అంతా వరి మడులే అయ్యుండేవని మా పక్కింటాయన ఎగతాళి చేస్తాడు. కానీ ఇది అట్లాంటి కబురు కాదు. పోయిన మనిషి సంగతి. అందుకే ముందే ఒట్టు. ఇందులో ఆవగింజంత కల్పన ఉంటే, ఇప్పుడు నా మగ్గం మీద సగం నేసిన నెమలికంఠం రంగు చీర ఉండాది, దాని పడుగు తెగిపోనీ.

మా మామ, అంటే నా పెళ్ళాం నాయన, పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం అయ్యేదాకా ఆయన మూట విప్పకూడదని నా పెళ్ళాం పట్టుబట్టింది. పోయిన వారం విప్పింది. నేను మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని కూర్చోనుండా. మూటలో ఒక నెయ్యి డబ్బా ఉండాది. ఆమె దాని మూత లాగిన చప్పుడు నాకు వినపడలేదు గానీ వాసన వచ్చి నా ముక్కు మీద గుద్దింది.

ఆ వాసన తెలియనివాళ్ళకు ఎట్ల చెప్పేది? పట్టుగూళ్ళను మరిగే నీళ్ళలో వేసి దారం తీస్తారు కదా, దారమంతా పోయినాక లోపల పురుగు మిగులుతుంది. ఉడికి, నల్లబడి, చింతగింజంత. అట్లాంటివి ఒక గంపెడు తెచ్చి, ఎండాకాలంలో గోనెపట్టా కప్పి నాలుగు పొద్దులు వదిలేసి, పట్టా తీసి అందులోకి తల దూర్చండి. అదీ వాసన. అది ముక్కుకు మాత్రమే తగిలే రకం కాదు, నాలిక మీద కూర్చుంటుంది.

"ఏమక్కా, యాడన్నా ఎలుక సచ్చిందా?" అని పక్కింటామె గోడ మీంచి అరిచింది.

"ఎలుక గాదు, మా నాయన," అనింది నా పెళ్ళాం.

మూటలో ఇంకా ఒక తువ్వాల, ఒక వెదురు పుల్ల ఉండాయి. పుల్లకు ఒక పట్టుపోగు చుట్టిపెట్టి ఉండాది. అంతే. అన్నేళ్ళు మా ఇంట్లో ఉండి, మేమిచ్చిన పంచెలు కట్టుకొని, ఆ మూట ముడి మాత్రం ఆయన విప్పలేదు. ఆ సంగతి చెప్పాలంటే కొర్రమీను పిల్లల సంగతి చెప్పాల.

మామది గుమ్మఘట్ట పక్కన ఒక చిన్న పల్లె. ఇటు తెలుగు, అటు కన్నడం, ఆయన నోట్లో రెండూ కలిసి వచ్చేవి. మల్బరీ తోట పెట్టుకొని పట్టుపురుగులు సాకేవాడు. ఎవరు కనపడినా "బాగుండావా?" అని అడిగేవాడు కాదు. "తింటాండావా?" అని అడిగేవాడు. పోస్టు మనిషినీ అదే అడుగుతాడు, తొట్లో పిల్లనూ అదే అడుగుతాడు. చావు ఇంటికి పోయి, ఏడ్చేవాళ్ళ మధ్యలో కూర్చొని, "కడదాకా తింటాండెనా?" అని అడిగిన మనిషి. తింటాండె అని చెప్తే, "అయితే మంచి సావే" అని లేచి వస్తాడు.

నా పెళ్ళిలో నేను భోజనానికి కూర్చుంటే ఆయన నా ఆకు ముందు గొంతుకూర్చొని నా నోటి పక్కే చూసినాడు. ఎంతసేపు చూసినాడంటే నాకు మింగుడు పడలేదు. తర్వాత లేచి, అందరూ వినేటట్లు వాళ్ళ అన్నతో అన్నాడు: "పిల్లోడు అంచులు కొరుకుతాండాడు, నడుమ తినల్యా. ముదురాకు వేసినారేమో సూడు." పెళ్ళికి వచ్చినోళ్ళు నవ్వి నవ్వి సచ్చినారు. నేను అన్నం తింటాండానని, ఆకు గాదని ఆయనకు ఎవురూ చెప్పల్యా.

ఆయన పురుగుల ఇల్లు మాత్రం గుడి కంటే శుద్ధం. చెప్పులతో పోగూడదు. బీడీ తాగినోడు పోగూడదు. పక్కింట్లో తిరగమోత పెట్టినా ఊరుకోడు, ఆ ఘాటుకు పురుగు అలుగుతుందట. మా అత్త బతికినన్నాళ్ళూ పురుగులు ఇంట్లో ఉన్నప్పుడు చప్పిడి పప్పే వండింది, పాపం. వాకిట్లో నీళ్ళ కడవ, పక్కన మామ. ఎవరొచ్చినా ఒకటే ప్రశ్న: "చెయ్యి కడుక్కున్నావా?" కలెక్టరు వచ్చినా అడిగేవాడే. ఇంతా చేసి, ఆయన చేతులు కడుక్కునేది పురుగుల దగ్గరికి పోయేముందే. వాటి దగ్గర్నించి వచ్చినాక కడుక్కునే అలవాటు ఆయనకు లేదు. అదే చేత్తో తల గోక్కుంటాడు, అదే చేత్తో ముద్ద కలుపుతాడు, అదే చేత్తో నా భుజం తడతాడు. ముక్కు ఎప్పుడో పని మానేసింది. ఎవరన్నా కంపు అంటే, "నాకు రాల్యాదే!" అని నిజంగా ఆశ్చర్యపోతాడు.

అత్త పోయింది. ఆ తర్వాత వరసగా కరువు. డెబ్బైల చివర్లో బావిలో నీళ్ళు ఎంత లోతుకు పోయినాయంటే, బొక్కెన వదిలి, నేను బీడీ కాల్చి, ఇంకొకటి ముట్టించుకున్నాక గాని చప్పుడు వినపడలేదు. తోట ఎండిపోయింది. మిగిలిన నాలుగాకులకు సాకిన పురుగులకు రోగం తగిలి, తట్టల్లోనే తెల్లగా గట్టిగా సుద్దముక్కల మాదిరి అయిపోయినాయి. మామ ఆ తట్టలన్నీ కడిగి ఎండబెట్టి, ఖాళీ ఇంట్లో వాటి ముందు కూర్చునేవాడు. చెయ్యి ఊరకనే ఆకు చల్లినట్ల ఆడతాండేది.

"నాయన్ను మనింటికి తెచ్చుకుందాం," అనింది నా పెళ్ళాం.

నేను నాడె ఆపినా. మా ఇల్లంటే ఒక మగ్గం, మగ్గం చుట్టూ మేము. ఆ చెయ్యి, ఆ తువ్వాల, ఆ కంపు నా పడుగు పక్కన! కానీ పైకి ఏమంటాం? ఇద్దరం పోయినాం పిలిచేదానికి.

మామ ఒప్పుకోలేదు. దానికి నేను ఆయన కాళ్ళకు మొక్కేవాణ్ణే. "అల్లుని ఇంట్లో కూసోని తినేదా? నేను మేత పెట్టేవాణ్ణప్పా. పెడితే తినేవాణ్ణి గాదు," అన్నాడు. అని, మమ్మల్ని పురుగుల ఇంట్లోకి తీసకపోయినాడు. చేతులు కడిగించినాడు. లోపల తట్టలు లేవు. ఒక సిమెంటు తొట్టి ఉండాది. తొట్టిలో నీళ్ళు. నీళ్ళలో కుంకం కలిపినట్ల ఎర్రటి ముద్ద ఒకటి అటూ ఇటూ తిరుగుతాండాది.

దగ్గరికి పోయి చూస్తే అన్నీ పిల్లలు. కొర్రమీను పిల్లలు. పల్లె దగ్గరుండే డ్యాం కింద ఎండిపోతాండే మడుగులో గుంపుగా కనపడితే బొక్కెనతో ముంచుకొచ్చినాడంట. పెద్ద చేపలైతే బళ్ళారి వాళ్ళు ప్రాణంతోనే కొనుక్కొని పోతారు. ఆయన జన్మలో చేప ముట్టినవాడు కాదు. "థూ, నీసు," అని ఆమడ దూరం పోయే మనిషి.

"చేపల సంగతి నీకేం తెలుసు నాయనా?" అనింది నా పెళ్ళాం.

"చేపేందిమ్మా, పురుగేంది? పిల్లలు పిల్లలే. లేతప్పుడు లేతమేత, ముదిరితే ముదురు మేత. యాభై ఏండ్లు సాకినా గదా."

ఆమె నడుముకు చెయ్యి పెట్టుకొని చెప్పింది: "ఈ ఒక్క పంటే నాయనా. ఇది గూడా పోయిందంటే మూట గట్టుకోని మాతో రావాల. అప్పుడు ఇంకో మాట సెప్పగూడదు."

మామ చాలాసేపు తొట్టిలోకి చూసినాడు. "సరే," అన్నాడు.

ఆ రోజునుంచి ఆ తొట్టిలో చేపల మీద నాకుండే ప్రేమ ప్రపంచంలో ఏ బెస్తవానికీ ఉండదు. అవి బతికితే మామ అక్కడ. అవి చస్తే మామ ఇక్కడ. ఎవురికి ఏమి కావాల్నో ఇంతకంటే తేటగా చెప్పలేను.

ఆ పిల్లలు లేతగా ఉన్నప్పుడు కదిలేదాన్నే తింటాయి. చచ్చిందాన్ని ముట్టవు. మామ మురుగు కాలవ గట్టున గొంతుకూర్చొని, తువ్వాల చాచి, నీళ్ళలో గిలగిలలాడే దోమ పిల్లలను వడగట్టేవాడు. పట్టెడైనాక తువ్వాల తొట్టిలో దులిపి, పిండి, దాంతోనే మొగం తుడుచుకొని, దాన్నే భుజం మీద వేసుకొని మాతో మాట్లాడేవాడు. మీసంలో ఒకటి రెండు ఇంకా ఆడతా ఉండేవి. నా పెళ్ళాం తల పక్కకు తిప్పుకునేది. నేను కళ్ళు మూసుకునేవాణ్ణి. ఆయన మాత్రం, "తింటాండాయి సూడప్పా!" అని నా మెడ పట్టి తొట్టిలోకి వంచేవాడు.

పిల్లలు వేలి గణుపంత పెరిగినాయి. ఊళ్ళో దోమ పిల్లలు అయిపోయినాయి. ఇది కల్పన అంటారేమో, ఆ ఏడు ఆ పల్లెలో ఒక్క దోమ కూడా కుట్టలేదు, ఊరోళ్ళనడగండి. ఇప్పుడు వాటిని చచ్చిన మేతకు అలవాటు చెయ్యాల. చచ్చిన మేత ఏది? దారం తీసినాక మిగిలిన ఉడికిన పురుగు. అది యాడ దొరుకుతుంది? దారం తీసే చోట. తెచ్చేదెవరు? ఇంకెవరు, చేపల మీద ప్రేమ ఉండేవాడు.

గోనెసంచి నిండా ఆ పురుగులు పోసుకొని ధర్మవరంలో బస్సెక్కినా. బస్సు ఊరు దాటకముందే కండక్టరు ముక్కు పట్టుకొని వచ్చినాడు.

"ఏముందప్పా దాంట్లో?"

"మా మామకు పలారం."

"మీ మామ మనిషేనా?"

"అదే మేమూ సూస్తాండాం."

బత్తలపల్లె వచ్చేలోపల సగం బస్సు ఖాళీ అయింది. అనంతపురంలో మారితే ఆ బస్సూ అంతే. రాయదుర్గం చేరేసరికి బస్సులో నేను, డ్రైవరు, ఒక చెవిటి ముసలామె. ఆమెకు చెవుడు కాదు, ముక్కు పోయిందని తర్వాత తెలిసింది.

మామ ఆ పురుగులను రోట్లో వేసి రుబ్బినాడు. రుబ్బి, మెత్తగా అయిందో లేదో చూసేదానికి ఏం చేసినాడో చెప్తే మీరు అన్నం మానేస్తారు. బొటనవేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాడు. నాలికతో అంగిటికి రుద్ది, "ఇంకా గరుకుండాది," అన్నాడు. మళ్ళా రుబ్బినాడు. మళ్ళా నాలిక. నేను బయటికి పోయి గోడ పట్టుకొని నిలబడినా.

ముద్దలు తొట్టిలో వేస్తే పిల్లలు దగ్గరికి వచ్చి, చూసి, పక్కకు పోయినాయి. వాటికి ఉండే బుద్ధి మామకు లేదని నేను అనుకున్నా. మామ ఆలోచించినాడు. మూలనుంచి ఒక వెదురు పుల్ల తెచ్చి, దానికి పట్టుపోగు కట్టి, పోగు కొనకు ఆముదం గింజంత ముద్ద అంటించి, నా చేతిలో పెట్టినాడు.

"ఆడించు."

"నేనా?"

"నీది నేతగాని చెయ్యి. పోగు తెగకుండా ఆడించేది నాకు రాదు. అది బతికుండాదని వాటికి నమ్మకం కలగాల. సచ్చిందాన్ని బతికుండేదాని మాదిరి ఆడించల్ల. నీకు బాగా వస్తాది, అబద్ధాలు ఆడేవానివి గదా."

నా గురించి ఆయన చెప్పిన మంచిమాట ఇదొక్కటే. ఆడించినా. మెల్లిగా, వదిలి వదిలి, పురుగు ఊపిరి తీసుకున్నట్ల. ఎర్ర గుంపులోంచి ఒక పిల్ల వెనక్కి తిరిగింది. దగ్గరికి వచ్చింది. నిలబడింది. మామ నా చెవి దగ్గర ఊపిరి బిగబట్టినాడు, ఆ ఊపిరి వాసన ఇక్కడ చెప్పను. పిల్ల టపుక్కున నోరు తెరిచి ముద్ద లాక్కుంది. పోగు నా వేళ్ళలో జివ్వుమనింది.

"తినింది!" అని మామ ఎగిరినాడు. ఆ సంతోషంలో పక్కన దుత్తలో ఉండే రాగి సంగటిలో అదే చెయ్యి పెట్టి, ముద్ద తీసి, నా నోటి ముందు పట్టినాడు. వేళ్ళ సందుల్లో నల్లటి పిప్పి ఉండాది.

"తినప్పా. నువ్వు తినిపించినావు, నేను నీకు తినిపిస్తా."

నేను తిన్నా. తినకపోతే మళ్ళా తొట్టి దగ్గరికి రానియ్యడేమో, చేపలు చస్తాయేమో, మామ మా ఇంటికి వస్తాడేమో అని తిన్నా. ఆ ముద్ద ఇప్పటికీ నా గొంతులో దిగలేదు. దాని తర్వాత నేను తిన్న పెళ్ళిభోజనాలన్నీ దాని పక్కనించి పోయినాయి.

అన్ని పిల్లలూ చచ్చిన మేతకు మరిగినాయి. కొన్నాళ్ళకు పోగు కూడా అక్కరలేకపోయింది. మామ చెయ్యి నీళ్ళ మీద ఆడితే చాలు, గుంపంతా వచ్చి వేళ్ళు చీకేవి. ఊళ్ళో వాళ్ళు చూసేదానికి వచ్చేవాళ్ళు, వాకిట్లోనే ముక్కు మూసుకొని. "ఏమన్నా, చేపలను గూడా పురుగుల మాదిరే సాకుతాండావే!" అంటే మామ మీసం దువ్వేవాడు. నేను లోపల లోపల మామకు జై కొట్టేవాణ్ణి. మా ఇల్లు నాకు మిగిలిందనుకున్నా.

అప్పుడు మబ్బు పట్టింది. వాన లేదు, మా సీమ మబ్బు, ఊరికే చల్లబరిచి పోయే రకం. నేను ఇంకో సంచి తీసుకొని పోయిన రోజే అది. తొట్టి నీళ్ళు చల్లబడినాయి. పిల్లలు అడుక్కు దిగి, కదలకుండా పడుకున్నాయి. మేత వేస్తే ముట్టలేదు. మా ఇల్లు పోయిందనుకున్నా. మామ మాత్రం మొగమంతా నవ్వు.

"జ్వరానికి పోయినాయి అల్లుడా!"

పట్టుపురుగులు సాకేవాళ్ళకు ఈ మాట తెలుసు. పురుగు కుబుసం విడిచేముందు తల ఎత్తి, మేత మాని, రాయి మాదిరి పడుంటుంది. దాన్నే వాళ్ళు జ్వరం అంటారు. ఆ పొద్దు మేత వెయ్యకూడదు, కదిలించకూడదు, చప్పుడు చెయ్యకూడదు. జ్వరం దాటి లేచినాక పురుగు లావవుతుంది, ఆకలి రెట్టింపవుతుంది. పురుగు పుట్టి గూడు కట్టేలోపల నాలుగుసార్లు ఇట్ల జరుగుతుంది.

"మామా, చేపకు కుబుసం ఏంది?" అన్నా.

"నువ్వు పోగును సూసినోనివి. పురుగును సూసినావా?"

"రవ్వంత మేతన్నా వేసి సూడు మామా. తర్వాత లేస్తే తింటాయి."

"జ్వరంలో మేత వేస్తే అరగక సస్తాయి. మాట్లాడొద్దు, అవి పడుకున్నాయి." తడిపిన గోనెపట్టా తెచ్చి తొట్టి మీద కప్పినాడు. తలుపు మూసి, వాకిట్లో చీపురు పొరక పట్టుకొని కూర్చున్నాడు. కాకి అరిస్తే పొరక, మేక వస్తే పొరక, నేను దగ్గితే పొరక. మబ్బు పోయి మళ్ళా ఎండ కాసింది. పట్టా కింద నీళ్ళు వెచ్చబడినాయి. లోపల చిన్నగా టపటపమని చప్పుడు మొదలయింది.

"లేచినట్లుండాయి మామా, మేత వేద్దాం," అన్నా.

"కుబుసం విడుస్తాండాయి. కడాకు అన్నీ లెయ్యనీ. ముందు లేచినవాటికి మేత వేస్తే వెనక లేచేవి ఎనకబడతాయి."

పురుగుల్లో అది సరైన పద్ధతే. ఆయన చేసిందంతా పురుగుల్లో సరైన పద్ధతే.

మర్నాడు పట్టా తీసినాడు. తొంగి చూసి చప్పట్లు కొట్టినాడు. "సూడు, జ్వరం దాటి ఎంత లావైనాయో!" నిజమే, ఒక్కోటి రెండింతలు లావుండాది. పొట్టలు ఉబ్బి నీళ్ళలో నిలువుగా నిలబడినాయి. ఒకదాని నోట్లోంచి ఇంకోదాని తోక బయటికి ఉండాది, ఇంకా ఆడతాండాది.

మామ చప్పట్లు ఆపినాడు. తొట్టి మూలలన్నీ వెతికినాడు. చెయ్యి పెట్టి అడుగంతా దేవినాడు.

"కడమవి యాడబోయినాయప్పా?"

నేను ఉబ్బిన పొట్టల పక్క చూపించినా.

ఆయనకు అర్థమయ్యేదానికి కొంచెంసేపు పట్టింది. అర్థమైనాక, నాలికతో చచ్చిన పురుగును రుచి చూసే మనిషి, దోమ పిల్లలను మీసంలో మోసిన మనిషి, తొట్టి పక్కనే కూలబడి వాంతి చేసుకున్నాడు. కడుపులో ఏమీ లేనంతవరకు చేసుకున్నాడు. తువ్వాలతో నోరు తుడుచుకొని, "థూ," అన్నాడు. "పురుగు ఇట్ల చెయ్యదు అల్లుడా. ఆకలికి సస్తాది గానీ, పక్క పురుగును తినదు." ఆయన మొగంలో అసహ్యం చూసింది నేను ఆ ఒక్కసారే.

అయినా కొన్ని చేపలు మిగిలినాయి. వాటిని నేనే బొక్కెనలో తీసుకపోయి ఊరి బావిలో వదిలినా. అవి పెరిగేదాకా ఇక్కడ చేసేదేమీ లేదు గదా అని, మామ చిన్న మూట కట్టుకొని, ఊరికే చూసిపోయేదానికని మాతో ధర్మవరం వచ్చినాడు. కూర్చొని తినేదానికి కాదు, సుమా. అందుకే మూట విప్పలేదు. ఎవరన్నా అడిగితే, "ఎల్లుండి పోతా. బాయిలో చేపలుండాయి నాకు," అనేవాడు. ఆ ఎల్లుండి ఎనభైలంతా సాగింది.

నేను అప్పుడప్పుడు గుమ్మఘట్ట పక్కకు పోయి చూసి వచ్చేవాణ్ణి. చేపలు నా ముంజేయంత అయినాయి. తర్వాత తొడంత. మామ గొంతు మాదిరి "తింటాండాయా?" అని పిలిస్తే పైకి వచ్చి నోరు తెరిచేవి. ఒక కరువులో బావి ఎండితే బురదలోకి దూరి, వాన రాగానే లేచినాయి. ఒకటి బొక్కెనను నోట కరిచి, నీళ్ళు తోడే ఆమెను నడుముదాకా వంచేసిందని ఊరంతా చెప్పుకున్నారు. మామ ఆ వాసన చేతులతో నా పడుగు పక్కన కూర్చొని, అన్నీ విని, "తల నల్లగా అయిందా?" "రెక్కలకు చారలు వచ్చినాయా?" అని అడిగేవాడు. పోయేదాకా అడిగినాడు. ఇదే మా మామ కథ.

ఇంతవరకు రాసి, నిన్న మధ్యాహ్నం మగ్గం మీద కూర్చొని నాడె విసిరినా. పట్టుమని తెగింది. ఒక పోగు కాదు, చెయ్యి మందం పడుగు.

నా పెళ్ళాం వచ్చి చూసింది. "ఏం రాసినావయ్యా?"

"మీ నాయన సంగతి."

"చేపలు బతికినాయని రాసినావా?"

"రాసినా."

"ఇంకేం, తెగదా మరి!"

కాబట్టి చెప్పేస్తాండా. బస్సు ఖాళీ అయింది నిజం. సంగటి ముద్ద నిజం. దోమ కుట్టకపోయింది కూడా, నా మటుకు నిజమే. బావిలో చేపలే అబద్ధం. మామ వాంతి చేసుకొని లేచేలోపల ఉబ్బినవి కూడా ఒకటొకటే పొట్ట పైకి తిప్పుకున్నాయి. తోక నోట్లో ఇరుక్కున్నది అన్నింటికంటే కడగా పోయింది. మామే వాటిని దోసిట్లో ఎత్తి తోటలో పూడ్చినాడు. తన మాట ప్రకారం మూట కట్టినాడు. అందులో మిగిలిన పురుగుల మేత నింపిన ఆ నెయ్యి డబ్బా, ఆ పుల్ల పెట్టినాడు. బస్సెక్కినాం. రాయదుర్గం దాటినాక కిటికీ పక్క చూస్తా అడిగినాడు: "ఒగటన్నా మిగిలింటాది గదప్పా?" పూడ్చిందే ఆయన. నేను, "మిగిలింది మామా, బాయిలో వదిలినా," అన్నా. "ఆ," అన్నాడు. అంతే. ఆ ఒక్కటే నా నోట్లో పెరిగి అన్నయింది. ఆ తర్వాత నేను ఒక్కసారి కూడా గుమ్మఘట్ట పోలేదు. మగ్గం మీద కూర్చొనే ఆడించినా.

కడాన ఆయన మంచం పట్టినాడు. నా పెళ్ళాం పెడితే తినల్యా, కోడలు వరసామె పెడితే తినల్యా. నోరు బిగించి గోడ పక్క తిరిగేవాడు, పెడితే తినేవాణ్ణి గాదు గదా అన్నట్ల. ఒక పొద్దు నేను సంగటి తీసుకొని పోయి పక్కన కూర్చున్నా. కంపుకు నా ముక్కు తిరిగిపోతాండాది. ఆ మనిషంటే నాకు అప్పుడూ అసహ్యమే, దాంట్లో కల్పన లేదు.

"తింటాండాయా?" అన్నాడు.

"తింటాండాయి మామా. నిన్న మబ్బుకు కొంచెం అడుక్కు పోయి పడుకున్నాయి."

గోడ పక్కనుంచి ఇటు తిరిగినాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. "పడుకున్నాయని మేత ఆపొద్దు. జ్వరమని ఎవడన్నా సెప్తే నమ్మొద్దు. వాడు తప్పు సెప్తాడు."

"సరే మామా."

నేను ముద్ద చేసి నోటి దగ్గర పట్టినా. ఆయన ముద్ద చూసినాడు, నన్ను చూసినాడు, నోరు తెరవబోయి ఆగినాడు.

"చెయ్యి కడుక్కున్నావా?"

"కడుక్కున్నా," అన్నా.

అది నిజం. తిన్నాడు.